ముల్లు కదిలిందా?

మా నాన్నగారి బుల్లెట్టుకు 2025 ఫిబ్రవరిలో కొత్త వైరింగు వేయించాము. పని జరిగినది మూడు రోజులు. అది ఏ విధంగా జరగాలో తేలడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. ఈ శీర్షిక క్రింద పుస్తకాలను గురించీ మాటలను గురించీ వ్రాసే నేను ఈ నెల తీగలను గురించి వ్రాయబూనడం పాఠకులకు వింతగా తోచవచ్చును. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని అనువాదాలతో కాలక్షేపం చేసేవాడికి పాయింట్లతోనూ కండెన్సర్లతోనూ ఏమి పని అని మా బావమరిది అడగనే అడిగాడు. పని లేదనే నేనూ చాలాకాలం అనుకున్నాను.

నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి జంషెడ్‌పూర్‌కు వచ్చినది 1969లో. అప్పటికది బీహారు, 2000 నవంబరు 15 నుంచి జార్ఖండ్. రాష్ట్రమేదైనా మా పల్లెవాళ్ళకు ఆ ఊరు "టాటా"యే. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి ఉక్కు తయారైనది 1912లో. ఆ తరువాతి తరాలలో ఉత్తరాంధ్ర నుంచి పని కోసం ఇటు రైలెక్కినవారికి లెక్క లేదు. శ్రీరామనవమి నాడు బిష్టుపూర్ రామమందిరం ఆవరణలో నిలబడినవారికి తామున్నది ఏ రాష్ట్రమో కాసేపు గుర్తుండదు.

1973లో నాన్నగారు అప్పు చేసి 350 సి.సి. బుల్లెట్టు కొన్నారు. ఆ బండి చరిత్రలో అనువాదకుడికి నచ్చే సంగతి ఒకటున్నది. బుల్లెట్టు పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మొదట అక్కడి భాగాలు తెచ్చి ఇక్కడ కూర్చి, క్రమంగా తిరువొత్తియూరులోనే సమస్తం తయారు చేయసాగింది. ఇంగ్లండులో మాతృసంస్థ 1970 ప్రాంతంలో మూతబడింది. మద్రాసులో తయారీ మాత్రం ఆగలేదు. 1977 నుంచి మన బుల్లెట్లు ఇంగ్లండుకు ఎగుమతి అయినాయి. మూలం నశించి అనువాదం మిగలడం సాహిత్యంలో విన్నాము. ఆ అనువాదమే మూలభాష వారింటికి తిరిగి పోవడం మాత్రం అరుదైన ముచ్చట.

బుల్లెట్టు ఎరిగినవారికి దాన్ని స్టార్టు చేసే పద్ధతి చెప్పనక్కరలేదు. ఎరగనివారి కోసం చెబుతాను, ఎందుకంటే తగవంతా దాని మీదనే వచ్చింది. హెడ్‌లైటు మీది డొప్పలో చిన్న గడియారం వంటి అమ్మీటరు ఉంటుంది. తాళం త్రిప్పి కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట ఇంజను ఎదురు తిరుగుతుంది. అప్పుడు ఎడమచేతి డీకంప్రెసర్ మీటను పట్టి కిక్కును మరికాస్త జరుపుతూ అమ్మీటరు ముల్లును చూడాలి. ఎడమకు వాలి ఉన్న ముల్లు ఠక్కున నడిమికి వస్తుంది. అదీ అదను. మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి, ఒక్క తన్ను తన్నితే బండి పలుకుతుంది. బలంతో పని లేదు. ఈ కిటుకు తెలియని పహిల్వానును ఆ కిక్కు తిరగబడి కుంటివాణ్ణి చేసిన సందర్భాలున్నవి. తెలిసిన నాన్నగారు 77వ ఏట కూడా చెప్పులు విడవకుండా స్టార్టు చేస్తారు. నా చిన్నప్పుడు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టి, "ముల్లు కదిలిందా?" అని అడిగేవారు. కదిలింది అని చెప్పడం నా ఉద్యోగం. నేను చేసిన మొదటి ఉద్యోగం అదే.

2024 ఆగస్టులో ఒక సాయంత్రం ఆ బండి మీద డిమ్నా సరస్సు దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాను. ముసురు. చీకటి పడింది. ఎదురుగా లారీ. హెడ్‌లైటు ఒకసారి ఎర్రబడి, పూర్తిగా ఆరిపోయింది. మరుక్షణం డొప్పలో నుంచి పొగ, కాలిన రబ్బరు వాసన, ఇంజను నిశ్శబ్దం. లారీ దీపాలు కళ్ళలో కొట్టగా రోడ్డు అంచు ఎక్కడున్నదో తెలియలేదు. బురదలోకి దిగి పడ్డాను. దెబ్బ పెద్దది కాదు. కాని ఆ రాత్రి బండిని తోసుకుంటూ మాంగో దాకా వచ్చేసరికి ఒక నిశ్చయానికి వచ్చాను: ఈ పాత సరంజామా అంతా తీసి పారవేయవలసినదే.

విశాఖపట్నంలోని మా బావమరిది ఫోనులోనే నుస్కా చెప్పాడు. "పాయింట్లూ గీయింట్లూ ఈ కాలంలో ఎవరు వాడతారు బావా! ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు పంపిస్తాను, పెట్టించు. పదేళ్ళు చూడనక్కరలేదు" అన్నాడు. కిట్టు వచ్చింది. అరచేతిలో ఇమిడే నల్లని పెట్టె, దానికి నాలుగు తీగలు. నాన్నగారు దాన్ని అటూ ఇటూ త్రిప్పి చూసి ఒక్కటే అడిగారు. "దీంతో ముల్లు కదుల్తుందా?" కాగితం చదివి చెప్పాను: బండి కదలకుండా ఉన్నప్పుడు ఈ పెట్టె కాయిల్‌కు కరెంటు పోనివ్వదు, కాబట్టి ముల్లు కదలదు. ఆయన పెట్టెను బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. తరువాత కొన్ని వారాలు మా ఇంట బండి ప్రసక్తి రాలేదు. వేరే ప్రసక్తులు కూడా తక్కువే వచ్చాయి.

ముల్లుకూ నిప్పురవ్వకూ సంబంధం ఏమిటో అప్పుడు కూర్చుని చదివాను. స్పార్కు ప్లగ్గు కొనల మధ్యనున్న సన్నని ఎడాన్ని దాటి రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. మా బ్యాటరీలో ఉన్నవి ఆరు. ఆరును వేలు చేసే మంత్రానికి మూలం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుత్ ప్రేరణ. కాయిల్‌లో ఇనుప కడ్డీ చుట్టూ రెండు తీగలు చుట్టి ఉంటాయి: కొద్ది చుట్లతో మందపుది ఒకటి, వేల చుట్లతో వెంట్రుక వంటిది ఇంకొకటి. మందపు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం నిలిచి ఉంటుంది. ఆ కరెంటును హఠాత్తుగా త్రెంపితే క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ కూలడంలో సన్నని తీగలో వేల వోల్టులు పుడతాయి. రవ్వ పుట్టేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, తీసివేసినప్పుడు. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళు దాటిన తరువాత తెలిసింది.

త్రెంపే పని పాయింట్లది. ఇవి రెండు చిన్న లోహపు బిళ్ళలు. తిరిగే క్యామ్ ఒకటి వాటిని విడదీస్తూ ఉంటుంది. విడిపోయేటప్పుడు వాటి మధ్యనే నిప్పు పుట్టి కాలిపోకుండా కాపాడేది కండెన్సరు. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ ఈ ఏర్పాటును 1910 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టాడు. ఆ తరువాత అర్ధ శతాబ్దికి పైగా లోకంలోని పెట్రోలు కార్లలో అత్యధికం దీనితోనే నడిచాయి. ఇక ముల్లు సంగతి తేలికే. పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ మూడు నాలుగు ఆంపియర్లు త్రాగుతుంది, ముల్లు ఎడమకు వాలుతుంది. పాయింట్లు విడిపోగానే నడిమికి వస్తుంది. అంటే ముల్లు చూసేవాడు ఇంజను పొట్టలోని పిస్టను ఎక్కడున్నదో పైనుంచి చూస్తున్నాడన్న మాట.

పాయింట్ల దోషాలు కూడా చెప్పాలి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే మా బండి వంటి నాలుగు స్ట్రోకుల దానిలో అవి నిమిషానికి 1,500 సార్లు, గంటకు 90,000 సార్లు విడిపోవాలి. బిళ్ళలు కాలి గుంటలు పడతాయి, క్యామ్‌కు రాసుకునే మడమ అరుగుతుంది. వాటి ఎడం 0.35, 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అది తగ్గితే రవ్వ వేళ తప్పుతుంది. ఎలక్ట్రానిక్ పెట్టెలో అరిగేదేమీ లేదు. అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడు ట్రాన్సిస్టరు కరెంటును త్రెంపుతుంది. ఒకసారి పెట్టిన వేళ అట్లాగే ఉంటుంది. అయితే పాయింట్లు చెడేటప్పుడు నాలుగు రోజుల ముందు నుంచీ దగ్గుతూ చెబుతాయి. దారి ప్రక్కన చిన్న ఆకురాయితో గీకి ఇంటికి రావచ్చును. పెట్టె చెడితే చెప్పకుండా చెడుతుంది. దానిని గీకడానికి ఏమీ లేదు. పైగా కొన్ని పాత బ్రిటిషు బండ్లకు బ్యాటరీ పాజిటివ్ కొన ఎర్త్‌కు కలిపి ఉంటుంది. అది గమనించక పెట్టెను మామూలుగా కలిపితే అక్కడికక్కడే బూడిద.

చిక్కుముడి విప్పినవారు కద్మాలో ఉండే మావయ్య. కర్మాగారంలో ఎలక్ట్రీషియనుగా పనిచేసి రిటైరయిన మనిషి, నాన్నగారి ఊరివారు. దీపావళి తరువాత ఒక ఆదివారం భోజనానికి వచ్చి, బల్ల మీది పెట్టెను చూసి, నా కథ అంతా విని నవ్వారు.

"ఏటి బాబూ, లైటు ఆరిపోతే పాయింట్లు మారుస్తావా? పొగొచ్చింది ఎక్కడ?"

"హెడ్‌లైటు డొప్పలో మావయ్యా."

"మరి పాయింట్లెక్కడున్నాయి?"

పాయింట్లు ఇంజను ప్రక్కన ఉన్నవి. నాకు నోట మాట రాలేదు. మూడు నెలలుగా తండ్రీకొడుకులం తగవు పడినది నిప్పు అంటుకోని చోటును గురించి!

డొప్ప విప్పి దీపం బయటికి లాగాము. లోపల ఉన్నదాన్ని వైరింగు అనడం మర్యాదకు మాత్రమే. కంపెనీ నాటి తీగల మీద గుడ్డ టేపు, దాని మీద ప్లాస్టిక్ టేపు. ఇంటి వైరింగుకు వాడే ఎర్ర తీగ ముక్క ఒకటి, టేపురికార్డరు తీగ వంటిది మరొకటి. ఎక్కడికీ పోనివి రెండు. పాత తీగ తొడుగు గోటితో నొక్కితే అటుకుల్లా రాలింది. లోపలి రాగి నల్లబడి ఉంది. మావయ్య ఒక్కొక్క అతుకునూ చూపించి, ఇది ఏ కాలపు పనో టేపును బట్టి చెబుతుంటే నాకు వ్రాతప్రతులు గుర్తుకు వచ్చాయి. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు తాళపత్ర ప్రతులు సేకరించి, పండితుల చేత పాఠాంతరాలు పోల్చి చూపించి 1829లో అచ్చు వేయించాడు. ప్రతి లేఖకుడూ తన బుద్ధికొలది ఒక మాట దిద్దినవాడే. ఏది మూలమో ఏది ప్రక్షిప్తమో తేల్చడం పరిష్కర్త పని. నా ఎదుట ఉన్నదీ అటువంటి ప్రతియే. యాభై ఏళ్ళ లేఖకులు.

ఆ ప్రక్షిప్తాలలో అన్నిటికంటె ప్రమాదమైనది బ్యాటరీ దగ్గర దొరికింది. ఫ్యూజు ఉండవలసిన చోట ముప్పేటగా మెలివేసిన రాగి తీగ ఉన్నది. ఫ్యూజన్నది అవసరమైనప్పుడు తాను కాలి మిగతా తీగలను కాపాడే వస్తువు. దాని స్థానంలో రాగి పురి ఉంటే, ఎక్కడ తీగ తొడుగు ఊడి ఇనుముకు తగిలినా వైరింగంతా కాలవలసిందే. నేను ఆ పని చేసిన మేస్త్రీని నోరారా తిట్టసాగాను.

"అది నేనే పెట్టాను" అన్నారు నాన్నగారు, వసారాలోంచి.

1984లో ఒక వర్షపు రాత్రి అమ్మకు నొప్పులు వచ్చాయి. నాలుగేళ్ళవాణ్ణి నన్ను ప్రక్కింట్లో అప్పగించి, రిక్షా దొరకక, బండి మీదనే బయలుదేరారట. సగం దారిలో ఫ్యూజు పోయింది. జేబులో మరొకటి లేదు. డ్యూటీ సంచిలో ఉన్న తీగ ముక్కను మెలిపెట్టి తగిలించి ఆసుపత్రికి చేర్చారు. తెల్లవారితే మార్చాలనుకున్నారు. తెల్లవారేసరికి మా చెల్లెలు పుట్టింది. "ఆ తరవాత గుర్తు రాలేదురా" అన్నారు. అమ్మ అప్పుడే కాఫీ గ్లాసులతో వస్తూ, "లైటు ఆరినప్పుడు నేను ఏడ్చాను. అది నాకు గుర్తుంది" అన్నది.

నలభై ఏళ్ళు ఆ రాగి పురి అక్కడే ఉండి, చివరికి డిమ్నా రోడ్డు మీద నన్ను బురదలో పడవేసింది. దాన్ని చేతిలో పట్టుకుని ఏమనాలో నాకు తోచలేదు. నాన్నగారే లేచి వచ్చి, దాన్ని తీసి జేబులో వేసుకుని, "తీగలన్నీ మార్పించు. ఏదీ ఉంచకు" అన్నారు. ఆరు నెలల తగవులో సగం ఆ మాటతో తీరింది.

ఆ తరువాత మావయ్య నాకు ఒక లెక్క నేర్పారు. పాత బండి ఉన్నవారందరికీ అది పనికివస్తుంది. హెడ్‌లైటు వెలిగించి, మల్టీమీటరు ముల్లు ఒకటి బ్యాటరీ ఎర్త్ కొనకూ, రెండవది హెడ్‌లైటు డొప్పకూ తాకించాలి. సున్నా దరిదాపుల్లో చూపాలి. మాది ఒక వోల్టు చూపింది. దీపానికి పోయిన కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చేది బండి చట్రం ద్వారానే. తుప్పూ రంగూ దానికి అడ్డు. 6 వోల్టుల మీద 30 వాట్ల దీపం 5 ఆంపియర్లు లాగుతుంది. దారిలో 0.2 ఓముల అడ్డు ఉన్నా ఒక వోల్టు అక్కడే హరించి దీపానికి ఐదే మిగులుతాయి. దీపకాంతి వోల్టులతో సమంగా తగ్గదు, అంతకంటె చాలా వేగంగా తగ్గుతుంది. ఐదు వోల్టుల వద్ద అది దాదాపు సగం. అదే 30 వాట్ల దీపం 12 వోల్టులదైతే లాగేది రెండున్నర ఆంపియర్లే, అదే అడ్డు వద్ద పోయేది అర వోల్టే, పన్నెండింటిలో అర. అందుచేత 6 వోల్టుల బండ్లకు మసక దీపాలన్న అపకీర్తి వచ్చింది. అందులో వోల్టుల దోషం కొంత, అతుకుల దోషం ఎక్కువ.

ఇక 12కు మారాలా వద్దా అన్నది మిగిలింది. మారితే బ్యాటరీ, కాయిల్, దీపాలు, హారను, కరెంటును సరిదిద్దే రెక్టిఫయరు, రెగ్యులేటరు, మా బండికి ఆల్టర్నేటరులోని స్టేటరు కూడా మారాలి. మూలాన్ని అంతగా మార్చవచ్చునా అని నాకు సంకోచం కలిగింది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ పాత బండ్లకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది: మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు నిండి, చట్రంలోగాని ఇంజనులోగాని పెద్ద మార్పులు జరగని బండికి "వి.ఏ." అక్షరాలున్న నంబరు ఇస్తారు; రుసుము రూ. 20,000, గడువు 10 ఏళ్ళు. మా బండికి 2023లోనే యాభై నిండాయి. ఆ నిబంధనలు నాన్నగారికి చదివి వినిపించాను. అటువంటి బండిని ప్రదర్శనకో ర్యాలీకో తప్ప రోజువారీగా నడపరాదు అన్న చోటికి వచ్చేసరికి ఆయన చేయి ఎత్తారు. "బిష్టుపూర్ బజారుకు పోకూడదా? అయితే ఆ నంబరు వద్దు." సంకోచం అంతటితో తీరింది. నడిచే బండికి కనిపించే దీపం కావాలి. 12 వోల్టులు.

పాయింట్లకు మాత్రం మావయ్య మధ్యేమార్గం చూపారు. పాయింట్లను అట్లాగే ఉంచి, కాయిల్ కరెంటును త్రెంపే బరువును ఒక ట్రాన్సిస్టరు మీద వేసే చిన్న పెట్టె ఉంటుంది. పాయింట్లు దానికి సైగ మాత్రం చేస్తాయి. వాటి గుండా పోయే కరెంటు అత్యల్పం కాబట్టి బిళ్ళలు కాలవు. మడమ అరుగుదల తప్పదు, ఎడం అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. పెట్టె పాడైతే రెండు తీగలు మార్చి పాత పద్ధతిలోనే ఇల్లు చేరవచ్చును. అన్నిటికంటె ముఖ్యం, పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. ముల్లు కదులుతుంది.

పని మా వసారాలోనే జరిగింది. మావయ్య చేయి వణుకుతున్నది కనుక సోల్డరింగు నాది, చూపుడువేలు ఆయనది. పాత తీగ కంటె లావైనది వేశాము. హెడ్‌లైటుకు చట్రం మీద ఆధారపడకుండా బ్యాటరీ దాకా విడిగా ఎర్త్ తీగ లాగాము. 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, మరి రెండు దాని ప్రక్కనే టేపుతో అంటించాము. పాయింట్ల వేళ కట్టడం నాన్నగారి పని. పలుచని సిగరెట్టు కాగితాన్ని బిళ్ళల మధ్య పెట్టి లాగుతూ, ఇంజనును వెంట్రుకవాసి త్రిప్పుతూ, కాగితం జారిన క్షణాన్ని పట్టుకోవాలి. కంటిశుక్లాల ఆపరేషను తరువాత చూపు అంతంతమాత్రమే. ఆయన కళ్ళు మూసుకునే చేశారు.

మూడవనాటి సాయంత్రం తాళం త్రిప్పారు. ముల్లు ఎడమకు వాలింది. నేను వంగి అమ్మీటరుకు ముఖం దగ్గరగా పెట్టాను. ఆయన కిక్కు మీద కాలు వేసి మెల్లగా నొక్కుతూ అడిగారు. చెప్పాను. మావయ్య వసారా గోడకు ఆనుకుని, "బావా, ఇంకా నువ్వే తన్నాలా?" అన్నారు. ఒక్క తన్నుకు పలికింది.

ఇక మిగిలినది నా వంతు పని. తరువాత విప్పేవాడు చీకట్లో తడుముకోకుండా ఉండాలని వైరింగు పటం గీసి, ఏ రంగు తీగ ఎక్కడికి పోతుందో తెలుగులో వ్రాసి, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి సీటు క్రింద ఉంచాను. వృత్తి అభిమానం కొద్దీ మంచి మాటలే వాడాను: జ్వలన చుట్ట, విచ్ఛేదక బిందువులు, భూసంధానము. మరునాడు చూస్తే నాన్నగారు ఎర్ర పెన్సిలుతో మూడింటినీ కొట్టివేసి, ప్రక్కన కాయిల్, పాయింట్లు, ఎర్త్ అని వ్రాశారు. క్రింద తేదీ వేసి సంతకం పెట్టారు.